ఉత్త మాత్రకు స్తోత్రం

మా వదిన ప్రేమమణి కార్ఖానా అనే పేటలో ఒక చిన్న బడిలో లెక్కల టీచరు. ఆమె నాన్నా, అన్నా యాభై దాటకుండానే పక్షవాతంతో మంచాన పడ్డారు. మెదడులోని సన్నటి రక్తనాళాలు పాడైపోయే అరుదైన జబ్బు, వంశంలోనే ఉందట. వదినకు ఎప్పుడూ వచ్చే తలనొప్పి కూడా దానివల్లేనని పరీక్షలో తేలింది. తనకు ఉందంటే ఏడవని మనిషి, కూతురు గ్లోరియాకూ ఉందని తెలిసిన రోజు ఏడ్చింది.

ఆ జబ్బుకు కొత్త మందు పరీక్షిస్తున్నారు. గ్లోరియాకు ఇంకా ఏ లక్షణమూ లేదని చేర్చుకోలేదు. రేపు పిల్లకు పనికొస్తుందని వదినే చేరింది. కొందరికి మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర ఇస్తామనీ, ఎవరికి ఏది వెళ్తోందో చివరిదాకా తనకూ తెలియదనీ డాక్టర్ రజిత విడమరచి చెప్పింది. వదిన బుద్ధిగా తలూపింది.

కొన్ని నెలలకు తలనొప్పులు తగ్గాయి. ఇక ఆగుతుందా? బోరులో నీళ్లు పడినా, స్కూటరు కొన్నా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, ప్రార్థన చేయించి బిర్యానీ వడ్డించే జాతి మాది. పాస్టరుగారినీ సంఘాన్నీ ఇంటికి పిలిచి, అసలు మందు తనకే దొరికిందని సాక్ష్యం చెప్పేసింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నేను వెక్కిరించాను. బిర్యానీ మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాను.

పరీక్ష ముగిశాక తెలిసింది, వదిన ఇన్నాళ్లూ మింగింది ఉత్త మాత్రే. సంఘానికి ఏం ముఖం చూపిస్తామని నా బెంగ. ఆమె మాత్రం ఒక్కటే అడిగింది.

"మందు ఏసుకున్నోళ్లకు ఎట్లున్నది మేడం?"

వాళ్లలో పక్షవాతం రావడం బాగా తగ్గిందనీ, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లతో పోల్చి చూడబట్టే ఆ సంగతి తేలిందనీ డాక్టరు చెప్పింది. తర్వాతి దశలో లక్షణాలు లేనివాళ్లనూ చేర్చుకుంటారట, అందరికీ అసలు మందేనట. వదిన ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

ఆదివారం చర్చిలో వదిన తనంతట తానే లేచి నిలబడింది.

"ఆ రోజు నేను చెప్పింది తప్పు. నాకిచ్చింది ఉత్త గోలీ. అసలు మందు వేరేవాళ్లు ఏసుకున్నరు, ఏమైతదో తెల్వకుండనే ఏసుకున్నరు. వాళ్లెవరో నాకు తెల్వదు. వాళ్లు ధైర్యం చేసినందుకే ఇయ్యాల మా గ్లోరియాకు మందు దొరుకుతున్నది. జెర వాళ్ల కోసం ప్రార్థన చెయ్యుండ్రి."

పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఊరూ పేరూ తెలియని ఆ మనుషుల కోసం అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.