నల్లమచ్చ అంటని వేళ్ళు

డర్బన్‌లో వాన పడే సోమవారాల్లో మా ప్రయోగశాలకు ఒక వాసన వస్తుంది. తడిసిన తెల్లకోట్లు బర్నర్ల వేడికి ఆరుతూ వదిలే ఆవిరి, అందులో కాస్త గ్యాసు, కాస్త సబ్బునీళ్ళు. మొన్న తలుపు తీయగానే ఆ వాసన ముఖానికి కొట్టింది. కోట్లు తగిలించే కొక్కేల దగ్గరే ఆగిపోయాను. ఎస్తరక్క ఇక్కడే నిలబడేది, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, లోపలికొచ్చే ఒక్కొక్కరినీ పలకరిస్తూ. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడీ గదిలో పనిచేసేవాళ్ళలో ఆమెను చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే ఇది రాస్తున్నాను.

దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్ళూ ఓటేసిన తొలి ఎన్నికలు జరిగి రెండేళ్ళయ్యాక నేను కాకినాడ నుంచి ఇక్కడి విశ్వవిద్యాలయానికి కెమిస్ట్రీ చెప్పడానికి వచ్చాను. రెండేళ్ళ కాంట్రాక్టు, రిజర్వాయర్ హిల్స్‌లో ఒక ఇంటి వెనక అద్దె గది. మొదటి వారంలోనే ప్రయోగశాలలో ఎవరో ఫ్లాస్కు జారవిడిచారు. వెనక నుంచి, "ఓరి నీ చేతులు ఇరగ!" అని ఒక కేక. నేను గిరుక్కున తిరిగాను. గోధుమరంగు కోటు వేసుకున్న యాభయ్యేళ్ళావిడ చీపురు పట్టుకుని వస్తోంది.

"మీరు తెలుగువారా అండీ?" అన్నాను.

"మా అవ్వ తెలుగు. నాకు తిట్టడానికి వత్తాది, ప్రేయర్‌కి వత్తాది. నడిమి మాటలన్నీ ఇంగ్లీషే," అని నవ్వింది. "అండీ గిండీ వద్దు, అక్క అను."

ఎస్తర్ నాయుడు మొదటి సంవత్సరం ప్రయోగశాలకూ, దాని సామాన్ల గదికీ బాధ్యురాలు. పుట్టింది ఉమ్‌కోమాస్ దగ్గర చెరకు తోటల్లో. తాతల కాలం దాకా హిందువులు; తల్లి హయాంలో ఇల్లంతా పెంతెకొస్తు సంఘంలో చేరింది. ఎస్తరక్క డర్బన్ శివార్లలోని ఫీనిక్స్‌లో ఉండేది, ఆదివారాలు డేరాలో జరిగే ఆరాధనలో పాడేది, రోజూ రెండు బస్సులు మారి ఏడింటికల్లా వచ్చేసేది. ఆమెకూ కెమిస్ట్రీలో డిగ్రీ ఉంది. ఆమె చదువుకున్న రోజుల్లో, ఆమె రంగుకు ఆ డిగ్రీ సంపాదించిపెట్టింది సామాన్ల గది తాళంచెవి మాత్రమే. ఈ సంగతి ఆమె ఎన్నడూ చెప్పలేదు. చాలాకాలం తర్వాత మరెవరో చెప్పగా విన్నాను.

ఆ ఏడాదే విశ్వవిద్యాలయం సమానత్వం గురించి ఒక విధానపత్రం తయారుచేసింది. అద్దాల చట్రంలో పెట్టి మా నడవాలో తగిలించారు. నేను దాన్ని మెచ్చుకుంటూ చదివాను. ప్రయోగశాలలోకి వెళితే తెల్లపిల్లలు, భారత సంతతి పిల్లలు, జూలూ పిల్లలు ఒకే బల్ల దగ్గర ఇద్దరిద్దరుగా జతకట్టి పనిచేస్తున్నారు. కొన్నేళ్ళ క్రితం ఊహకైనా అందని దృశ్యం. రావలసిందంతా వచ్చేసిందనే అనుకున్నాను.

ఏడో వారం సిల్వర్ నైట్రేట్ ప్రయోగం. బ్యూరెట్ అనే సన్నటి గాజుగొట్టంలోంచి చుక్కలుగా వదిలే ఆ ద్రావణం వేలికి తగిలితే అప్పటికేమీ కనబడదు. మర్నాటికి ఎంత తోమినా పోని నల్లమచ్చ తేలుతుంది. క్లాసు అయ్యాక ఎస్తరక్క గ్లాసులు సర్దుతూ, "రేపు నీ లెక్చర్‌లో పిల్లోళ్ళ వేళ్ళు చూడు," అంది. ఎందుకక్కా అంటే, "చూడు ముందు" అని తన పనిలో పడిపోయింది.

మర్నాడు వాళ్ళు రాసిన కాగితాలు ఒక్కొక్కరి చేతినుంచీ తీసుకుంటూ చూశాను. సగం మంది వేళ్ళకు మచ్చలున్నాయి. మంచి బడుల నుంచి, ప్రయోగశాలలున్న బడుల నుంచి వచ్చినవాళ్ళవి ఆ చేతులు. మచ్చ లేని వేళ్ళు దాదాపు అన్నీ టౌన్‌షిప్ పిల్లలవే, పాత ప్రభుత్వం నల్లవాళ్ళకని ఊరి బయట కట్టిన వాడల నుంచి వచ్చేవాళ్ళవి. అలాంటి వాడే అయిన ఉమ్లాజీ నుంచి వచ్చే నోకుతూల అనే అమ్మాయి కాగితం అందించింది. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. వేళ్ళు మాత్రం ఆ ద్రావణం ఎరగనట్టు శుభ్రంగా ఉన్నాయి.

ఆ కాగితాలు పట్టుకుని సామాన్ల గదికి వెళ్ళాను. "ఒకళ్ళు చేత్తారు, ఒకళ్ళు రాత్తారు," అంది ఎస్తరక్క. "ఆ పిల్ల ఏడు వారాలు వచ్చింది. ఒక్క దినం బ్యూరెట్ ముట్టలే."

"జతలు వాళ్ళే ఎంచుకున్నారు కదక్కా. మార్కులు కూడా ఇద్దరికీ ఒకటే."

"మార్కు ఒకటే. నేర్చింది ఒకటేనా? ఆకర్న పరీచ్చ ఎవరికాళ్ళు చెయ్యాల. అప్పుడు ఈ పిల్ల ఫెయిలు. బస్సెక్కి ఇంటికి పోతాది." ఒక గ్లాసు తుడిచి పక్కన పెడుతూ, మామూలుగానే అడిగింది: "మీ కాలేజీలో గాజుసామాను ఎవరు కడిగేది?"

ఒక అటెండరు ఉండేవాడు. ఖాకీ చొక్కా, భుజాన తడిగుడ్డ. ఐదేళ్ళు రోజూ చూసిన మనిషి. పేరు కోసం ఎంత వెతుక్కున్నా దొరకలేదు. అతను తాగడానికి కిటికీలో వేరే గ్లాసు ఉండేదని మాత్రం ఆ క్షణంలో గుర్తొచ్చింది. అప్పట్లో అది నాకు వింతగా కూడా తోచలేదు.

ఎస్తరక్క సలహాతో తర్వాతి సోమవారం నుంచి పద్ధతి మార్చాను. జతలు చీటీలు తీసి వేశాం. సగం సమయం గడిచాక ఎస్తరక్క చిన్న గంట కొట్టేది. చేసేవాళ్ళు కలం అందుకోవాలి, రాసేవాళ్ళు బ్యూరెట్ అందుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నాలు మార్కుల గొడవ లేకుండా ఎవరైనా వచ్చి సామాను ముట్టుకుని చూసుకోవచ్చు. మొదటి శుక్రవారం నలుగురొచ్చారు. మూడోవారానికి స్టూళ్ళు చాలలేదు. నోకుతూల పిపెట్ పగలగొట్టి ఏడుపుముఖం పెడితే, అక్క తెలుగులో తిట్టి ఇంకో పిపెట్ చేతిలో పెట్టింది.

అప్పుడు ఒక విద్యార్థి తండ్రి నుంచి ఉత్తరం వచ్చింది. చేతకానివాళ్ళతో జతకట్టడం వల్ల తన కొడుకు వెనకబడుతున్నాడని. మా విభాగాధిపతి ముప్పయ్యేళ్ళుగా అక్కడే పాఠం చెబుతున్న తెల్లాయన. చెడ్డవాడు కాదు, కానీ ప్రతిదానికీ ఒక వరస ఉండాలనే మనిషి. మమ్మల్నిద్దర్నీ పిలిపించాడు.

"ఈ మార్పుకు అనుమతి ఎవరిచ్చారు?" అని అడిగాడు.

ఇచ్చింది నేను. నా కాంట్రాక్టు పొడిగించే కాగితం అప్పటికి ఆయన బల్ల మీదే ఉంది. నేను గోడవైపు చూశాను.

"నేనే చేశాను సార్," అంది ఎస్తరక్క ఇంగ్లీషులో.

ఆమెకు హెచ్చరిక లేఖ వచ్చింది. బోధన సంగతుల్లో సాంకేతిక సిబ్బంది జోక్యం చేసుకోరాదని. గంట ఆగిపోయింది. పిల్లలు మళ్ళీ పాత జతల్లోకి, పాత చోట్లలోకి జారుకున్నారు. నేను సామాన్ల గది ముందునుంచి వెళ్ళడం మానేసి వెనక మెట్లు ఎక్కేవాణ్ణి. అలా పన్నెండు రోజులు. పదమూడో రోజు పట్టలేక లోపలికి వెళ్ళాను. ఆమె పిపెట్లు తుడుస్తోంది. ఇంకో గుడ్డ నావైపు విసిరింది. ఇద్దరం తుడిచాం.

"నామీద కోపంగా లేదా అక్కా?"

"ఉంది. లేదని ఎవరు చెప్పారు?" చేతిలో పిపెట్‌ను వెలుతురుకు ఎత్తి చూసింది. "నువ్వు బయపడ్డావు. బయం తప్పు కాదు తమ్ముడూ. నా ఇంట్లో కూడా ఉండాది బయం. కానీ ఆ పిల్ల పరీచ్చకి ఇంకా ఐదు వారాలే. ముందు అది చూడు, నన్ను తర్వాత చూద్దువు."

ఆమె క్షమించి ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణేమో. క్షమించకుండా పని చెప్పింది. ఆ సాయంత్రమే విభాగాధిపతి గదికి వెళ్ళి, అనుమతి ఇచ్చింది నేనేననీ, ఆ రోజు నోరు మెదపలేదనీ చెప్పాను. "ఇప్పుడెందుకు చెబుతున్నావు?" అన్నాడాయన. సోమవారం ఒక్క గంట కిందికి వచ్చి చూడమని అడిగాను.

వచ్చాడు. చేతులు వెనక కట్టుకుని బల్లల మధ్య రెండుసార్లు తిరిగాడు. మూడోసారి నోకుతూల వెనక ఆగాడు. ఆమె జతగాడు బ్యూరెట్ తిప్పుతున్నాడు. ఆమె కలం పట్టుకుని అతను చెప్పబోయే అంకె కోసం చూస్తోంది. "నువ్వు ఎప్పుడు చేస్తావమ్మా?" అని ఆయన అడిగాడు. ఆ అమ్మాయి తలెత్తి, "గంట ఉన్నప్పుడు చేసేదాన్ని సార్," అంది.

ఆయన ఇంకేమీ అడగకుండా సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు హెచ్చరిక లేఖను వెనక్కి తీసుకుంటున్నట్టు ఇంకో లేఖ వచ్చింది. తర్వాతి సోమవారం గంట మళ్ళీ మోగింది. తర్వాతి ఏడాది ప్రయోగాల పుస్తకం మొదటి పేజీలో చేతులు మారే పద్ధతి అచ్చయింది.

ఆ ఏడాది చివరి పరీక్షలో అందరూ గట్టెక్కలేదు. ఇద్దరు తప్పారు, వాళ్ళ మొహాలు నాకిప్పటికీ గుర్తే. నోకుతూల మాత్రం సిల్వర్ నైట్రేట్‌ను చుక్క చుక్కగా వదిలి, రంగు మారిన చోట సరిగ్గా ఆపింది. బయటికొచ్చి ఎస్తరక్క ముందు పది వేళ్ళూ చాపి చూపించింది. "రేపటికి నల్లబడతాయి చూడు మా," అంది, అక్కను అమ్మా అని పిలుస్తూ. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఇప్పుడామె ఉమ్లాజీలోనే ఒక హైస్కూల్లో సైన్సు చెబుతోంది.

మరుసటి ఏడాది నుంచి విభాగం సమావేశాలకు ఎస్తరక్కనూ పిలిచారు. మొదటి సమావేశంలో, ఏమైనా చెప్పాలా అని అధిపతి అడిగితే, గాజుసామాను కడిగే ఇద్దరు ఆడవాళ్ళు టీ నిలబడి తాగుతున్నారనీ, టీ గదిలో రెండు కుర్చీలు వెయ్యాలనీ చెప్పింది. పెద్ద మాటలు వస్తాయని ఎదురుచూసినవాళ్ళం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. కుర్చీలు ఆ వారమే వచ్చాయి.

ఇప్పుడు ఆ విధానపత్రం లావుపాటి పుస్తకమైంది. మంచి పుస్తకమే, నేనూ అందులో కొన్ని పేజీలు రాశాను. కొత్తగా చేరిన లెక్చరర్లు దాన్ని చదివి నా దగ్గరికి వస్తారు, ఇక్కడ అంతా ఎలా నడుస్తుందో చెప్పమని. నేను వాళ్ళను సోమవారం రెండింటికి కిందికి తీసుకెళ్ళి ఒక మూల నిలబెడతాను. పది నిమిషాలయ్యాక ఏం కనిపించిందని అడుగుతాను. అంతా బాగానే జరుగుతోంది సార్ అంటారు చాలామంది. నేను కాకినాడ నుంచి వచ్చిన ఏడాది నన్నెవరైనా అడిగి ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణి. అందుకే వాళ్ళను తప్పుపట్టను. ఈసారి పిల్లల చేతులు చూస్తూ ఇంకో పది నిమిషాలు ఉందామంటాను, నేనూ వాళ్ళ పక్కనే నిలబడతాను.