అది సామి కాదు, సబ్‌వూఫర్ పెట్టె

గడివేముల దగ్గర ఒక పల్లెలో, ఒక పెద్దింటి వాకిట్లో ఉన్న రాతి తులసికోటకు ఈ మధ్య ఒక స్థలపురాణం తయారైంది. శ్రీశైలానికి పోతున్న సామి రాయి ఒకటి మహానంది దారిలో కారును ఆపేసి, "నేను ఈ అవ్వ ఇంటికే పోతా" అన్నదట. కారు తోలేవాడు అక్కడికక్కడే కళ్ళు తిరిగి పడిపోయాడట. మొన్న నా కారెక్కిన ఒకామె ఈ కథంతా చేతులు జోడించి మరీ నాకే చెప్పింది. ఆ కారు తోలినవాణ్ణి నేనే. కళ్ళు తిరిగి పడిపోలేదు (పడిపోయి ఉంటే బాగుండునని మాత్రం అప్పుడు అనిపించింది). ఆ రాయి, పాటల్లో డప్పు మోత పలికించే పెద్ద స్పీకరుకని నేను చెక్కించుకున్న సబ్‌వూఫర్ పెట్టె. ఇంకో పదేళ్ళు ఊరుకుంటే దానికి తిరునాళ్ళు కూడా మొదలుపెడతారేమోనని భయమేసి, జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను. పైగా ఆ పనిలో నాకు చేయందించిన వాళ్ళు పురాణంలో ఒక్కరూ లేరు. అది నాకు బాధగా ఉంది.

ఆ రోజుల్లో, అంటే పన్నెండేళ్ళ కిందట, ఆళ్ళగడ్డలో పెళ్ళికి కారు బాడుగకు మాట్లాడేవాళ్ళు ఇంజను సంగతి అడిగేవాళ్ళు కాదు. బ్రేకులు పడతాయా అని కూడా అడిగేవాళ్ళు కాదు. "పాటలు ఎట్ల కొడతాయప్పా?" అనేవాళ్ళు. మా బావ, అంటే అక్క మొగుడు, ఒక పాత చిన్న కారు కొని నా చేతికిచ్చాడు. అందులో తలుపులకు రెండు స్పీకర్లుండేవి. ఒకటి పాడేది, ఇంకోటి దగ్గేది. రెండు నెలల్లో నాకు వచ్చిన పెళ్ళి బాడుగ ఒక్కటే, అదీ పెళ్ళి అయిపోయాక సామాన్లు మోసేందుకు. బావ ఒకరోజు భోజనం దగ్గర తేల్చేశాడు. "ఈ పెండ్లిళ్ళ కాలం అయ్యేలోపల కారు తన తిండి తాను తినల్ల. లేకపోతే అమ్మేస్తా. నువ్వు పోయి మీ నాయన పక్కన కూచోని ఉలి పట్టుకో."

మా నాయన శిల్పి. మా ఊళ్ళో రాతిపని చేసే ఇళ్ళు చాలా ఉన్నాయి, వాటిలో మాదొకటి. నేను పదహారో ఏట ఉలి పట్టి, రెండేళ్ళలో మూడు ఏనుగుల తొండాలు విరిచి, "ఈ పని నాకు రాదు నాయనా" అని లేచి వచ్చేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఇద్దరికీ తేలికయ్యేది. ఆ తర్వాత నాలుగేళ్ళు మా మధ్య "అన్నం తిన్యావా?", "తిన్యా" తప్ప పెద్దగా మాటలు లేవు. అందుకే బావ కారు అమ్మేస్తానంటే నాకు గుండెల్లో రాయి పడింది. తొండాలు విరిచిన చోటికి మళ్ళీ ఏ మొహం పెట్టుకొని పోవాలి?

సరిగ్గా అప్పుడే దేవుడిలా ఒక బేరం తగిలింది. గడివేముల వైపు పెద్దాయన ఒకరు మనవడి పెళ్ళి మహానందిలో పెట్టుకున్నారు. పెళ్ళికి, ఊరేగింపుకు, ఆ తర్వాత తిరుగుళ్ళకు పది రోజులు కారు కావాలట. పది రోజులంటే బావ నోరు మూయించడానికి చాలు. "ఆదివారం మహానందికి పోయి సత్రం మాట్లాడల్ల. నీ కార్లో పోదాం. పాటలు బాగుంటే పెండ్లికి నువ్వే, లేకపోతే ఇంగొకరు" అన్నాడాయన ఫోన్లో. ఆదివారానికి ఇంకా పదిహేను రోజులుంది. బావ కాళ్ళావేళ్ళా పడితే ఎనిమిది వేలిచ్చాడు.

నా వయసువాళ్ళెవరైనా ఆ ఎనిమిది వేలు తీసుకొని నేరుగా షాపుకు పోయేవాళ్ళు. నేను గ్రంథాలయానికి పోయాను. ఇంటర్ తప్పాక నాకు చదువు చెప్పింది నంద్యాల గ్రంథాలయమే (ఈ మాట గర్వంగానే చెబుతున్నాను). అక్కడి మేడం ఒకామె, నేను ఏం అడిగినా "ఎందుకు?" అని అడక్కుండా నిచ్చెనేసుకొని పై అరలు వెతికేది. ధ్వని గురించి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దించి, దుమ్ము దులిపి, పక్కన నిఘంటువు కూడా పెట్టింది. వారం రోజులు బస్సులో ఆళ్ళగడ్డ నుంచి వచ్చి, సాయంత్రం దాకా కూర్చొని చదివాను. స్పీకరుకూ యాంప్లిఫయరుకూ ఓములు కుదరాలని, డబ్బా మీద అచ్చేసిన వాట్లు నమ్మకూడదని, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలని, పది అంగుళాల సబ్‌వూఫర్‌కు పాతిక లీటర్ల గాలి పట్టే మూసిన పెట్టె చాలునని నేర్చుకున్నాను. పెట్టె గోడలు అదరకూడదట, అవి అదిరితే పాట సగం గోడలే తినేస్తాయట. ఏ గోడ ఎంత తక్కువ అదురుతుందో ఒక పట్టిక ఉంది. అట్ట అన్నిటికన్నా కింద, చెక్క మధ్యలో, రాయి అన్నిటికన్నా పైన. ఆ పేజీ జిరాక్స్ తీయించుకున్నాను. దాని ముందు పేజీ కూడా తీయించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. "ఇంట్లో ఒకచోట కదలకుండా ఉంచే పెట్టెలు" అన్న శీర్షిక ఆ పేజీలో ఉంది.

నంద్యాలలో కార్లకు పాటల సామాను బిగించే ఆయన్ను అందరూ డెక్కు భాయ్ అనేవాళ్ళు. నేను పోగానే మంటల బొమ్మలేసిన రెండు పెద్ద డబ్బాలు బల్ల మీద పెట్టాడు. "పన్నెండు అంగుళాలు, జత. రెండు వేల వాట్లు. పెండ్లి పందిరి ఎగిరిపోతాది."

"ఆపకుండా గంటసేపు పాడితే ఎన్ని వాట్లు ఇస్తుంది భాయ్?" అన్నాను.

ఆయన డబ్బాలు కిందికి దించి, నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఎవురప్పా నీకు నేర్పించింది?"

"గ్రంథాలయంలో చదివినా."

"అట్లయితే ఇవి నీకొద్దులే" అని లోపలికి పోయి, మంటలూ పులులూ ఏమీ లేని ఒక్క పది అంగుళాల సబ్‌వూఫర్ తెచ్చాడు. ఎవరో డాక్టరు కారు అమ్ముతూ విప్పించిన పాత యాంప్లిఫయరు కూడా తెచ్చాడు. "ఇది నూటా యాభై వాట్లే. కానీ నిజం నూటా యాభై. నాలుగు ఓములకు నాలుగు ఓములు. జతకు పోయే దుడ్లు ఒక్క మంచిదానికి పెట్టు." నా పుస్తకం చెప్పిందీ అదే. వైర్లు, ఫ్యూజు అన్నీ కలిపి ఏడు వేల ఆరు వందలకు తెగ్గొట్టాడు. "ప్లైవుడ్ డబ్బా రేపటికి కొట్టించి పెడతా" అన్నాడు.

"డబ్బా నేను తెచ్చుకుంటా భాయ్. రాతితో."

"దేంతో?"

"రాయి."

ఆయన టీ తెప్పించాడు. నేను తాగేదాకా ఆగాడు. "ఇప్పుడు చెప్పు. దేంతో?"

"రాయే భాయ్" అని జిరాక్స్ చూపించాను. ఆయన కాగితాన్ని చూసి, నన్ను చూసి, బయట ఉన్న మా కారును చూసి, "సరే, తీస్కరా" అన్నాడు. అంతే.

అసలు కష్టం ఇంటి దగ్గర. నాయన నందికి మూపురం దిద్దుతుంటే, పక్కన నిలబడి గీసుకొచ్చిన బొమ్మ చాపాను. నలుచదరం రాయి, లోపలంతా డొల్ల, పైన గుండ్రటి కంత.

"ఏందిరా ఇది?"

"పెట్టె నాయనా. కారుకు."

"లోపల యా దేవుడు?"

"దేవుడు కాదు. పాటలు."

ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. "గోడలు రెండంగుళాలా? పల్చగా ఉంటే పగుల్తాది. మూడు పెడతా" అన్నాడు. నాలుగేళ్ళలో ఆయన నాతో మాట్లాడిన అతి పొడుగు మాట అది. మరునాడు నంది మూపురం అట్లే ఆగింది, నా పెట్టె మొదలైంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని కొలతలు చదివించుకున్నాడు, నీళ్ళు చల్లించుకున్నాడు, లోపల గీకే పని రెండు రోజులు నా చేతే చేయించాడు (తొండం లేని రాయి కాబట్టి ధైర్యం చేశాడేమో). చివరిరోజు చూస్తే కంత చుట్టూ పదహారు తామర రేకులు పూచి ఉన్నాయి. "ఇవెందుకు నాయనా, కార్లో ఎవురు చూస్తారు?" అంటే, "నా చేతిలోనుంచి పోయే రాయి బోడిగా పోదు" అన్నాడు.

నలుగురు మోసి కారు డిక్కీలో పెట్టారు. కారు ఒక నిట్టూర్పు విడిచి వెనక్కి కూర్చుంది. స్ప్రింగులు పాతవి కదా అనుకున్నాను. నంద్యాలకు తోలుకుపోతుంటే స్టీరింగు మజ్జిగలో గరిటె తిప్పినట్టు తేలిగ్గా తిరిగింది. ఎదురొచ్చే లారీవాళ్ళు నన్ను చూసి చేతులూపారు. నేనూ ఊపాను. భాయ్ సబ్‌వూఫర్ బిగించి పాట పెట్టాడు. నిజం చెప్పాలి, అంత శుభ్రమైన మోత నేను మళ్ళీ వినలేదు. ఏదీ అదరలేదు, ఏదీ గలగలమనలేదు. డప్పు మీద దెబ్బ పడితే నేరుగా వచ్చి నా ఛాతీలో కూర్చుంది. భాయ్ కళ్ళు మూసుకొని రెండు పాటలు విన్నాడు. "రాయి పాడతాదప్పా" అన్నాడు. తర్వాత వంగి వెనక చక్రాలు చూశాడు. "గతుకుల్లో నిదానంగా పో" అని మాత్రం అన్నాడు.

ఆదివారం పొద్దున నంద్యాల బస్టాండు దగ్గర పెద్దాయన, వాళ్ళమ్మ (పురాణంలో అవ్వ ఈమే), ఆయన బావమరుదులు దిట్టమైనవాళ్ళు ఇద్దరు కారెక్కడానికి వచ్చారు. సంచి పెట్టడానికి డిక్కీ తీశానో లేదో, అవ్వ తామర రేకుల మధ్య నల్లగా గుండ్రంగా ఉన్న సబ్‌వూఫర్‌ను చూసి చెంపలేసుకుంది.

"యా సామి నాయనా ఈయప్ప?"

"సామి కాదవ్వా, పాటలకు..."

"ఒరేయ్, చెప్పులిప్పి ఎక్కండి అందరూ!"

అవ్వ మాటకు ఎదురుండదు. పెద్దాయనతో సహా అందరూ చెప్పులు చేత్తో పట్టుకొని ఎక్కారు. నేనూ ఉత్తకాళ్ళతోనే క్లచ్చు తొక్కాను. సినిమా పాట పెట్టబోతే వెనకనుంచి కేక: "సామిని ఎనక పెట్టుకోని అవేం పాటలురా?" భక్తి పాటలు పెట్టాను. మృదంగం మోగినప్పుడల్లా అవ్వ వెనక్కి తిరిగి దండం పెట్టింది. పెద్దాయన తొడ మీద తాళం వేస్తున్నాడు. బేరం కుదిరిందనుకున్నాను. కాసేపటికి ఆయన తాళం ఆపి, "ఏందప్పా, కారు ఆకాశం దిక్కు చూస్తాంది?" అన్నాడు. మహానంది అరటితోటలు మొదలయ్యే చోట ఒక స్పీడ్ బ్రేకరు ఉంది. ముందు చక్రాలు దాటాయి. వెనకవి దాటలేదు. ఖంగుమని ఒక మోత, సైలెన్సరు ఊడి రోడ్డు మీద పడింది, వెనక స్ప్రింగు విరిగి కారు ఒక పక్కకు ఒరిగింది. పాట మాత్రం ఆగలేదు. రాతి పెట్టె కదా.

"సామికి ముందుకొచ్చేది ఇష్టం లేదు" అంది అవ్వ. పురాణం అక్కడ పుట్టింది.

నాకు ఏడుపొచ్చేసింది. పది రోజుల బేరం, బావ కారు, అన్నీ ఆ రోడ్డు మీదే ఒరిగి ఉన్నాయి. ఇంక దాచి లాభం లేదని, పెద్దాయన దగ్గర నిలబడి పుస్తకం, పట్టిక, జిరాక్స్, నాయన, అన్నీ చెప్పేశాను. "లీటర్లు లెక్కేసినా, ఓములు లెక్కేసినా, వైరు లావు కూడా లెక్కేసినా పెద్దాయనా. బరువు ఒక్కటి లెక్కేయలేదు."

ఆయన మొహం కదల్లేదు. నడిచి వెళ్ళి కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. తర్వాత భుజాలు కదలడం మొదలుపెట్టాయి. కళ్ళనీళ్ళు తుడుచుకొని, మళ్ళీ డిక్కీ వైపు చూసి, మళ్ళీ నవ్వాడు. "ఒరే బావా, వీడు ఇద్దరు మనుషుల బరువు ఎనకేసుకోని, పైన మనల్ని ఎక్కించుకోని, ఇంత దూరం తెచ్చినాడు సూడు. మన పెండ్లి మోసేకి ఇంగెవురు కావాల?" అన్నాడు. నా వైపు తిరిగి, "బేగా కట్టె డబ్బా పెట్టించుకోని కారు బాగు చేయించు. పెండ్లికి నువ్వే" అన్నాడు.

రాయిని రోడ్డు పక్కన వదలడానికి అవ్వ ఒప్పుకోలేదు. సబ్‌వూఫర్ విప్పి తీశాక, కంతలోకి తొంగి చూసి, "తులసమ్మకు బాగుంటాది" అంది. బావమరుదులిద్దరూ అరటిగెలల ట్రాక్టరు వాళ్ళతో కలిసి ఎత్తి, అదే ట్రాక్టరులో ఊరికి పంపారు. ఆమెకు నేను ఆ రోజు మూడుసార్లు చెప్పాను, అది సామి కాదని. "నీకేం తెల్సులే" అంది మూడుసార్లూ.

సబ్‌వూఫర్ చంకన పెట్టుకొని, కారును మెకానిక్కుకు అప్పగించి, డెక్కు భాయ్ దగ్గరికి పోతే, ఆయన బల్ల కిందనుంచి ప్లైవుడ్ పెట్టె తీశాడు. కొలతలు నా జిరాక్స్ ప్రకారమే, నల్ల గుడ్డ కూడా అంటించి ఉంది. "నువ్వు రాయి అన్న రోజే కొట్టించినా" అన్నాడు. ముందే చెప్పొచ్చు కదా భాయ్ అంటే, "నువ్వు వినే మొహంతో రాలేదప్పా" అన్నాడు.

ఆ సాయంత్రం బస్సు దిగి, నాయన దగ్గరికి పోవడానికి మొహం చెల్లక ఊరంతా ఒక చుట్టు చుట్టాను. ఆయన నంది మూపురం దిద్దుతున్నాడు. తల దించుకొని జరిగింది చెప్పాను. రాయి తులసికోట అయిందని చెప్పాను.

"మంచిదే. బరువైతాదని నాకు తెల్సు" అన్నాడు, ఉలి ఆపకుండా.

"తెల్సా? మరి చెప్పలేదేం నాయనా?"

ఉలి ఆగింది. "నాలుగేండ్లకు నా దగ్గరికొచ్చి రాయి అడిగితివి. వద్దని ఎట్ల చెప్పేది?"

ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు. చీకటి పడేదాకా నీళ్ళు చల్లుతూ కూర్చున్నాను.

పెళ్ళి బాగా జరిగింది, కట్టె పెట్టె బాగానే పాడింది, బావ కారు అమ్మలేదు. అందుకని, పురాణంలో లేనివాళ్ళను ఇక్కడ తలుచుకుంటున్నాను. ఎందుకని అడక్కుండా నిచ్చెనెక్కిన గ్రంథాలయం మేడంకు, వాట్ల గురించి నిజం చెప్పి బరువు గురించి ఓపిక పట్టిన డెక్కు భాయ్‌కి, కోపం రావలసిన చోట నవ్విన పెద్దాయనకు, నడుములు పట్టుకుపోయినా నన్ను ఒక్క మాట అనని ఆ బావమరుదులిద్దరికీ, ఎనిమిది వేలు ఇచ్చి వాటి సంగతి ఇంతవరకు అడగని మా బావకు, పురాణంలో ఉన్నా ఇప్పుడు లేని అవ్వకు నా దండాలు.

ఆఖరి దండం నాయనకు. ఇప్పుడు నా కారు నాదే. ఆ ఇరవై రెండేళ్ళవాడు చూస్తే సిగ్గుపడేంత సన్నగా పాటలు పెట్టుకుంటాను, ఎవరైనా పెంచమంటే విసుక్కుంటాను కూడా. కానీ నాయన ముందు సీట్లో కూర్చున్నప్పుడు, జన్మంతా సుత్తి దెబ్బలు విన్న చెవులు కదా, "ఏమీ వినపళ్ళేదురా, ఇంగొంచెం పెంచు" అంటాడు. పెంచుతాను. ఇంకా పెంచమంటాడు. ఇంకా పెంచుతాను.