చిన్నాన్న తుప్పు పట్టించిన గూడ్సు పెట్టెలు

మొన్న ఆదివారం మా తమ్ముడు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. గాజువాకలో వాడి ఫ్లాటు, హాల్లో టీవీ పక్కన కొత్తగా చేయించిన అద్దాల బీరువా, అందులో పదకొండు బొమ్మ గూడ్సు పెట్టెలు, వాటి మీద చిన్న చిన్న లైట్లు. ఒక్కో పెట్టె షోరూములోంచి అప్పుడే దింపిన కారులా ఎర్రగా మెరిసిపోతోంది. కింద ‘చిన్నాన్న జ్ఞాపకాలు’ అని రాసి, జోడించిన చేతుల బొమ్మ ఒకటి తగిలించాడు. మధ్యాహ్నానికల్లా చుట్టాలంతా ‘సూపర్’ అనేశారు. నేను మాత్రం ఫోను సోఫాలోకి విసిరేసి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ తోమాను. నాకు కోపం వస్తే గిన్నెలు తోముతాను. అరవై దాటాయి, బీపీ మాత్ర వేసుకుంటున్నాను, ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి ఓపిక నేర్చుకున్నదాన్ని. అయినా ఆ ఎర్ర మెరుపు చూస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. ఎందుకో ఇక్కడ రాసుకుంటాను. లేకపోతే ఆ గ్రూపులోనే ఏదో ఒకటి రాసి పారేస్తాను.

చిన్నాన్న అంటే మా నాన్న ఆఖరి తమ్ముడు. విశాఖపట్నంలో రైల్వే యార్డులో పెయింటరు. గూడ్సు పెట్టెల మీద తెల్లగా కనిపిస్తాయే అంకెలు, అవి వేయడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక చోడవరం వచ్చేసి, మా ఇంటికి రెండు వీధుల అవతల చిన్న డాబా కట్టుకుని, ముందుగదిలో కూర్చుని బొమ్మ గూడ్సు పెట్టెలు చేయడం మొదలుపెట్టాడు. మా ఊరికి రైలు లేదు. రైలు కూత వినాలంటే అనకాపల్లి వెళ్ళాలి. మాకు తెలిసిన పెద్ద బళ్ళంటే గోవాడ ఫ్యాక్టరీకి చెరకు మోసే ట్రాక్టర్లే. అలాంటి ఊళ్ళో ఒక పెద్దమనిషి ప్లాస్టిక్ షీటు కోసి జానెడు పెట్టెలు అతికిస్తూ, లేతు షాపుకెళ్ళి చక్రాలు తీయించుకుంటూ తిరుగుతుంటే జనం ఊరుకుంటారా? ‘ఏటి బాబూ, టేసను ఎప్పుడు తెరుస్తన్నారు?’ అని దారినపోయే ప్రతివాడూ అడిగేవాడు. ‘గార్డు దొరకలేదురా, నువ్వొస్తావేటి?’ అనేవాడు చిన్నాన్న. ఆయనకి కోపం రాదు. మా వంశంలో కోపమంతా నా వాటాకే వచ్చింది.

పెట్టె కట్టడం పదిహేను రోజుల పని. దాన్ని పాతదాన్ని చేయడానికి రెండు నెలలు పట్టేది. ముందు ఇటిక రంగు వేసి, వెంట్రుకంత కుంచెతో అంకెలు దిద్ది, బుజ్జిగా తయారుచేసేవాడు. మా పిన్ని అది చూసి ‘అబ్బ, ఎంత బావుందో, ఇంక ముట్టుకోకండి’ అనేది. అప్పుడు మొదలుపెట్టేవాడు దాన్ని పాడుచేయడం. అంకెలకి తగలకుండా, తుప్పు పట్టాల్సిన చోటల్లా తుప్పు రంగు పూసి, తడిగా ఉండగానే రాళ్ళుప్పు పలుకులు చల్లి, ఆరాక పైన ఇటిక రంగు వేసి, అదీ ఆరాక ఉప్పు రుద్దేస్తే, పైరంగు పెచ్చులు లేచి కింద తుప్పు కనబడేది. దేవరాపల్లి దారిలో మూలపడ్డ చెరకు గానుగ ఒకటుండేది. దాని రోలర్ల నుంచి తుప్పు గీకి పొట్లం కట్టి తెచ్చుకునేవాడు. టీ డికాక్షను, దీపం మసి, రోలుగుంట వైపు నుంచి తెచ్చి పాత పంచెలో జల్లించిన ఎర్రమట్టి, అన్నీ చిన్న చిన్న సీసాల్లో ఉండేవి. సిమెంటు మోసిన పెట్టె కావాలని ఒకసారి పిన్ని పౌడరు డబ్బా మొత్తం గుమ్మరించేశాడు. పిన్ని రెండు రోజులు మాట్లాడలేదు. ఇంకోసారి రంగు పట్టడానికి బెల్లం మడ్డి కలిపి చూశాడు. తెల్లారేసరికి పెట్టె నిండా చీమలు. ‘సూడే, ప్యాసింజర్లు ఎక్కేసేరు’ అని నవ్వి, దాన్ని కడిగి మళ్ళీ మొదటినుంచి చేశాడు.

నాకు రిటైర్మెంటు వచ్చిన కొత్త. ఆదివారం ఆదివారం వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు నేనూ ఒక కుంచె తీసుకుని, తోచినచోటల్లా తుప్పు చుక్కలు పెట్టాను. చిన్నాన్న నెమ్మదిగా నా చేతిలోంచి కుంచె తీసుకున్నాడు. ‘తుప్పు మనకి ముచ్చటైన కాడ పట్టదే గుంటా. నీళ్ళు ఎక్కడ ఆగుతాయో అక్కడ పడతాది. తలుపు కింద సూడు, అతుకు కాడ సూడు. అక్కడ మొదలై కిందకి కారతాది. పైకి పాకదు.’ ఖనిజం మోసిన పెట్టెకి అంచుల మీద ఎర్రదుమ్ము, బొగ్గు పెట్టెకి లోపలి మూలల్లో గీతలు, ఎరువు మోసిన పెట్టెకి అడుగంతా తినేసిన తుప్పు. ప్రతి పెట్టెకీ అంకె చుట్టూ మాత్రం అరచేతి ఆకారంలో కొంచెం శుభ్రంగా వదిలేసేవాడు. అదేమిటంటే, మట్టికొట్టుకుపోయిన అంకె చదవడానికి యార్డులో ఎవరో ఒకరు చేత్తో తుడుస్తారట. ‘ఎవరో ఏటి, నేనే’ అన్నాడు. ఆయన తుడిచిన పెట్టెలే ఆయన చేశాడు. యార్డులో ఆఖరిరోజు తన ముందునుంచి వెళ్ళిన గూడ్సులో పదకొండు పెట్టెలు ఆయనకి అంకెలతో సహా గుర్తు. ఏ పెట్టెకి ఎక్కడ సొట్టో కూడా గుర్తే.

ఏడో పెట్టె దగ్గర కళ్ళు మొరాయించాయి. డాక్టరు గ్లాకోమా అన్నాడు, పిన్ని నీటికాసులంది. పోయిన చూపు రాదు, ఉన్నది జాగ్రత్త పెట్టుకోవాలన్నారు. చిన్నాన్న జాగ్రత్త పెట్టుకోలేదు. చుక్కల మందు వేసుకుని, మొహం పెట్టెకి ఆనించి, పదకొండూ పూర్తిచేశాడు. పూర్తయిన రోజు వాటిని బల్లమీద వరసగా నిలబెట్టి, బల్ల చివర నుంచి ఒంటికన్నుతో చాలాసేపు చూసి, ‘అదే బండే’ అన్నాడు. నేనూ వంగి చూశాను. నిజంగానే గూడ్సు వెళ్తుంటే రైల్వే గేటు దగ్గర ఆగి చూస్తున్నట్టనిపించింది.

అప్పుడు దిగాడు మా తమ్ముడు. వాడికి గాజువాక దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం. వాళ్ళ కాలనీలో ఏదో కళల ప్రదర్శన ఉందట, చిన్నాన్న పెట్టెలు పెడతానని అట్టపెట్టెల్లో సర్దుకుని పట్టుకెళ్ళాడు. పది రోజులన్నవాడు నెల తరవాత ఒక ఆదివారం కేకుతో సహా వచ్చాడు. కళ్ళు మూసుకోమని, బల్లమీద పేర్చి, ‘ఇప్పుడు సూడు చిన్నాన్నా’ అన్నాడు. కార్లకి రంగులేసే షాపులో ఇచ్చి పదకొండింటికీ ఎర్రటి మెరుపు రంగు కొట్టించాడు. అంచులకి బంగారు గీత. అంకెలుండే చోట చిన్నాన్న పేరు, ఇంగ్లీషులో, స్టిక్కరు.

చిన్నాన్న ఒకటి తీసి మొహం దగ్గరకి తెచ్చుకున్నాడు. బొటనవేలితో పక్కంతా తడిమి, ‘అంకె ఏదిరా?’ అన్నాడు. ‘అంకెలెందుకు చిన్నాన్నా, నీ పేరే వేయించేను కదా’ అన్నాడు వీడు. ‘అలాగా. బాగుంది బాబూ’ అని జాగ్రత్తగా బల్లమీద పెట్టేశాడు. పెట్టాక కూడా బొటనవేలు ఆ స్టిక్కరు మీదే ఉంది. నేను చూశాను.

నేను ఊరుకోలేదు. ‘ఒరే, నీకు బుర్రుందా? ఉన్న సూపంతా వీటికే పోసేడు కదరా! రెండేళ్ళ పని పెయింటు డబ్బాలో ముంచేసేవు కదరా!’ అని వీధంతా వినబడేలా అరిచాను. వాడు బిత్తరపోయాడు. ‘అందరూ నవ్వేరే అక్కా. ఈ పాత ఇనపసామాన్లేటి, ఎక్కడేరుకొచ్చేవని మా కాలనీ సెక్రటరీ అందరి ముందూ అడిగేడు. చిన్నాన్న పరువు పోతాదని సేయించేను’ అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. అయితే ఏమిటి? రంగు తీసెయ్యమన్నాను. థిన్నరు పోస్తే ప్లాస్టిక్కే కరిగిపోతుందన్నాడు. గోళ్ళతో గోకమన్నాను. పిన్ని కేకు కోసి ప్లేట్లలో పెడుతోంది. ఆ ప్లేటు తోసేసి, వీడు ఇక్కడ కూర్చుని వీటిని గోకేదాకా ఈ గుమ్మం తొక్కనని చెప్పి వచ్చేశాను.

పంతమంటే పంతమే. వాడు షిఫ్టులో టీకి లేచే వేళ నాకు తెలుసు. రోజూ పొద్దున్న పదిన్నరకి ఫోన్ చేసి తిట్టేదాన్ని. ఒక్కోరోజు వాడు ఎత్తేవాడు కాదు, అప్పుడు మెసేజి పెట్టేదాన్ని. పిల్లల లెక్కలు కూడా అంత శ్రద్ధగా దిద్దలేదు నేను.

వారం తిరక్కుండా చిన్నాన్న ఫోన్ చేశాడు. ‘గుంటా, వాడు పట్టుకెళ్ళిన నెల్లో రెండు పెట్టెలు కొత్తగా అతికించి ఉంచేను. పొద్దున్న పది నుంచి పన్నెండు దాకా కిటికీ కాడ ఎండొస్తంది, ఆ ఎండలో నాకు రంగులు తెలస్తన్నాయి. నువ్వు పక్కన కూసుని సీసాలందిస్తే ఈ రెండూ సేసేద్దుం. ఎన్నాళ్ళు తెలస్తాయో మరి.’

‘వాడొచ్చి గోకాలి చిన్నాన్నా’ అన్నాను.

‘వాడి సంగతి తరవాత సూద్దుం. నువ్వు రాయే.’

‘వాడు రానీ. వస్తాను.’

‘సరేలే’ అని ఫోన్ పెట్టేశాడు. ఇంకో రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ అదే చెప్పాను. ఆయన తరపునే కదా పోట్లాడుతున్నాను, ఆయనకే అర్థం కావడం లేదేమిటని ఆయన మీద కూడా కోపం వచ్చింది.

మూడు నెలల తరవాత పిన్ని మా గుమ్మంలోకి వచ్చి, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. చిన్నాన్న బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆ రెండు పెట్టెలూ. ఒక్కడూ కూర్చుని చేసేశాడు. తుప్పు కప్పు మీద పట్టింది. తలుపు కింద ఏమీ లేదు. ఒక పెట్టెకి అతుకు నుంచి తుప్పు పైకి పాకింది. అంకె వేయాల్సిన చోట మసి. నా అడుగులు విని మొహం ఇటు తిప్పాడు కానీ, చూపు నా భుజం పక్కనుంచి పోయింది. ‘వచ్చేవా? ఎర్ర సీసా ఏదో నల్ల సీసా ఏదో మీ పిన్నిని అడిగి సేసేను. ఆవిడకి అన్నీ ఒకటే రంగు. ఎలా వచ్చేయో సూసి సెప్పు’ అన్నాడు.

నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. ఆ తరవాత రెండేళ్ళు బతికాడు, మళ్ళీ కుంచె ముట్టుకోలేదు. ఎర్ర పెట్టెలు తమ్ముడికే ఇచ్చేశాడు, ముచ్చటపడి చేయించాడు పాపం అని. వాడి మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ వాడు పాడుచేసింది ఒక్కరోజులో. ఆ మూడు నెలలూ, పొద్దున్న పదింటికి, రెండు వీధుల అవతల ఆ కిటికీలోకి ఎండ వచ్చేది, పన్నెండింటికి వెళ్ళిపోయేది, ఆ రెండు గంటలూ నేను ఇంట్లో ఖాళీగానే ఉన్నాను.