తాత సరిచేసిన ఉకులేలే

కొత్తగా ఉద్యోగంలో చేరే వయసులో మనిషికి ఒక ధీమా ఉంటుంది, నోటితో చెప్పలేనిదాన్ని ఏదో ఒక వస్తువు కొని దానితో చెప్పించవచ్చని. నాకైతే అది కాస్త ఎక్కువే ఉండేది. రాయచూరులో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరిన ఏడాది అది. పిల్లల ముందు నా నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. స్టాఫ్ రూంలో సైన్స్ సారు ఎదురుపడితే మాత్రం ‘టీ తాగారా సార్’ అన్న మూడు మాటలు దాటి నాలుగోది వచ్చేది కాదు. (ఒకసారి ఆయన చేతిలో టీ గ్లాసు ఉండగానే అడిగాను.) ఆయనది సింధనూరు దగ్గర, కాలువ నీళ్ల కోసం వలస వచ్చిన ఆంధ్ర రైతుల క్యాంపు ఊరు. తాతల కాలంలోనే కోస్తా నుంచి వచ్చేసినా మాటలో ‘అండీ’ పోలేదు. పరీక్షల్లో కాపలా తిరుగుతూ సన్నగా కూనిరాగం తీసేవారు. ఒకరోజు ఎవరో ఏదైనా వాయిస్తారా అని అడిగితే, “నాకు పాడటమే గానీ వాయించడం రాదండీ. బీఎడ్ హాస్టల్లో మా రూమ్మేటుకి ఉకులేలే ఉండేది, నాలుగు తీగల బుల్లి గిటారు. అది పక్కన ఎవరైనా వాయిస్తే చాలండీ, పొద్దంతా పాడేస్తాను” అన్నారు. ‘ఎవరైనా’ అన్నారు! ఆ ‘ఎవరైనా’ను నేను వెంట పెట్టుకుని ఇంటికి వెళ్లాను, దాన్ని తలుచుకుంటూనే అన్నం తిన్నాను.

తర్వాతి వారమే ఆయనకు సర్కారు ఉద్యోగం వచ్చిందని తెలిసింది, ఎక్కడో కార్వార్ దగ్గర. ఇంకా మూడు వారాలే మాతో ఉంటారు, ఆఖరి రోజు బడిలో వీడ్కోలు సభ, టీచర్లందరూ ఏదో ఒకటి చేసి చూపించాలి. అందరూ అయ్యో అన్నారు. నేను మాత్రం ఆ మధ్యాహ్నం రెండో పీరియడు ఖాళీలో ఫోను తీసి ఉకులేలే ఆర్డరు పెట్టాను. ఆయన వెళ్లేలోపు నేను వాయించాలి, ఆయన పాడాలి. అంతకు మించి నాకేమీ వద్దు. (అబద్ధం. చాలా కావాలి. కానీ మొదట అది.)

అది వచ్చింది సరిగ్గా అమావాస్యనాడు. పెట్టె చూసి నా గుండె జారింది, చెప్పుల పెట్టె కంటే కాస్త పొడుగు, అంతే. విప్పితే కొత్త బల్లల వాసన, చేపల గాలపు దారంలాంటి నాలుగు తెల్ల తీగలు, రెండు చేతుల్లో పట్టుకుంటే బరువే లేదు. నేనేమో మనసులో ఒళ్లో నిండుగా ఒదిగే వాయిద్యాన్ని ఊహించుకుని ఉన్నాను! మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, “ఏందే ఇది? నువ్వు బళ్లె చదువు చెప్పనీకి పోతున్నవా, ఆడుకోనీకి పోతున్నవా?” అంది. మా తాత కళ్లద్దాలు సర్దుకుని, “గిటారు పిల్ల అయ్యుంటది. దినాం ఇన్ని నీళ్లు పోయి, పెద్దగయితది” అన్నాడు. మా వైపు అమావాస్య వస్తే బండ్లకు పూజ కదా, అమ్మ స్కూటరు పక్కనే దీన్నీ నిలబెట్టి కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. స్కూటరు టైరు కింద నిమ్మకాయ పెడుతుంటే తాత, “మరి దీనికి టైర్లు లేవు గదా, నిమ్మకాయ ఏడ పెడుతవ్?” అని అడిగాడు. పూజయ్యాక నేను మొదటిసారి తీగ మీటాను. స్టీలు గిన్నెలో నీటిబొట్టు పడ్డట్టు మోగింది. అంత చిన్న చప్పుడుకే నాకు కళ్లు చెమర్చాయి, ఎందుకో అమ్మకు చెప్పలేక కుంకుమ పడిందన్నాను.

ఇక మా తాత సంగతి చెప్పాలి. నలభై ఏళ్లుగా సోమవారం భజనలో తంబూరి పట్టే మనిషి. నాలుగు తీగలూ మీటి విని, తల అడ్డంగా ఊపాడు. “పై తీగ ఖరాబున్నది బిడ్డా. మీదిది బొంగురుగుండాలె, ఇది చూస్తే సన్నగ కీచుమంటున్నది. చేసినోడు తప్పు తీగ గట్టిండు.” మోటు నుంచి సన్నానికి వరుసగా ఉండాలన్నది నాకూ సబబుగానే తోచింది, లెక్కల టీచరును కదా. తాత బిరడా తిప్పి పై తీగను వదులు చేసి, బొంగురు తెప్పించి, మిగతావాటిని తన తంబూరికి సరిపోయేట్టు కలిపి, “ఇగో, ఇప్పుడు బరాబరున్నది” అన్నాడు. కొత్త తీగలు సాగి రోజూ శృతి జారేవి, తాత రోజూ శ్రద్ధగా సరిచేసేవాడు. నేను ఫోనులో వీడియో పెట్టుకుని, శృతి పాఠం దాటేసి నేరుగా పాట దగ్గరికి వెళ్లాను. (పిల్లలు అలా పాఠాలు దాటేస్తే గోడకుర్చీ వేయిస్తాను.) అందులో అమ్మాయి వేళ్లు పెట్టిన చోటే నేనూ పెట్టేదాన్ని. ఆమెకు పాట వచ్చేది, నాకు ఆటోవాళ్ల పోట్లాట వచ్చేది. తప్పంతా నా వేళ్లదేననుకున్నాను. వేళ్ల చివర్లు గీతలు పడి సుద్దముక్క పట్టుకోలేకపోయాను. తాత మాత్రం, “శృతి మంచిగున్నది, నీకే సాధన చాలదు” అనేవాడు.

వీడ్కోలు రోజు ఏడో తరగతి గదిలో బెంచీలు జరిపి అందరూ కూర్చున్నారు. సారు ముందు వరుసలో మెడలో దండతో ఉన్నారు. నేను కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాను. నాలుగు దెబ్బలకే వెనక బెంచీ నుంచి ఒకడు, “మిస్, అదు కెట్టోగిదె!” అని కన్నడంలో అరిచాడు, అది చెడిపోయిందని. గదంతా గొల్లున నవ్వింది. నా ఎడమ చెయ్యి దానంతటదే తీగల మీంచి జారిపోయింది. కుడి చేతికి మాత్రం ఆపడం తెలియలేదు, ఉత్త తీగలనే మీటుతూ ఉండిపోయింది. అప్పుడు మోగింది, మా భజనలో తంబూరి మోగినట్టే, స, ప, స. సారు తలెత్తారు. “ఆపకండి మేడం, అలాగే వాయించండి” అని, దండ తీసి పక్కన పెట్టి, వాళ్లమ్మ నాట్లేసేటప్పుడు పాడుకునే పాట ఎత్తుకున్నారు. ఆ బొంగురు తీగ మీద ఆయన గొంతు వచ్చి కూర్చుంది. నేను మీటుతూనే ఉన్నాను, ఆయన పాడుతూనే ఉన్నారు.

అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి, “శృతి ఎవరు చేశారండీ?” అని అడిగారు. “మా తాత సార్.” ఆయన నవ్వారు. “తంబూరా చేసేశారండీ దీన్ని! ఉకులేలేకి పై తీగ సన్నగానే ఉంటుందండీ, అది తప్పు కాదు. మా రూమ్మేటు శృతి చేయడం రోజూ చూసేవాణ్నండీ. ఇలా ఇవ్వండి, అరగంట కూర్చుంటే సరిచేసి చూపిస్తాను.” బిరడా మీద చెయ్యి వేశారు. నేను గబుక్కున లాక్కుని, “వద్దు సార్, ఉండనీయండి” అన్నాను. (ఆ అరగంట కోసమే కదే నువ్వు దాన్ని కొన్నది! ఇప్పటికీ తలుచుకుంటే నన్ను నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.) అది తిప్పేస్తే ఇప్పుడే విన్న పాట పోతుందని భయమేసింది మరి. ఆయన దండ చేతిలోకి తీసుకుని, “సరేనండీ. నేర్చుకున్నాక ఒక పాట వాయించి నా ఫోనుకి పంపండి. దాని మీద నేను పాడి తిరిగి పంపుతాను” అని నంబరిచ్చి వెళ్లిపోయారు.

నేర్చుకున్నాను. రెండుసార్లు తీగలు మార్చాను, పై తీగ సన్నగానే కట్టాను, పది పాటలు తప్పు లేకుండా వచ్చు. తాత ఇంకా, “ఆ బొంగురుదే మంచిగుండె” అంటాడు. ఎవరైనా అడిగితే ఇంకా సరిగ్గా రాలేదనే చెబుతాను. వచ్చిందని ఒప్పుకుంటే పంపాలి కదా, పంపాక జవాబు రాకపోతే? మొన్న ఆదివారం ఎందుకో ధైర్యం వచ్చి ఆయన నంబరు తెరిచి, పాట కంటే ముందు ఒక మాట రాద్దామనుకున్నాను. ‘టీ తాగారా సార్’ అని రాశాను. నాలుగో మాట కోసం చాలాసేపు చూశాను, అది ఇప్పటికీ రాలేదు.