నెయ్యి తినని నెయ్యి సేటు

ముప్ఫై ఏళ్ల దుకాణం పరువు గరిటెడు నెయ్యితో తీసిన మొనగాడిని నేనే. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

డెబ్బైల చివర్లో హన్మకొండలో మాకు నెయ్యి దుకాణం ఉండేది. అప్పట్లో విందు భోజనం తిన్నప్పుడల్లా నాకు కుడి డొక్కలో మెలిపెట్టే నొప్పి, భుజం దాకా పాకేది. నేను దానికి గ్యాస్ అని పేరు పెట్టి, వాము నమిలి, సోడా తాగి తిరిగాను. చివరికి మా ఆవిడ దవాఖానకు లాక్కెళ్లింది. డాక్టరు ఎక్స్‌రే చూశాడు.

"పిత్తాశయంల రాళ్లున్నయి. నెయ్యి, నూనె కడుపుల పడంగనే ఆ సంచి పిండుకుంటది, రాయి దారికి అడ్డం పడుతది. ఆపరేషన్ చేద్దాం. అందాక నెయ్యి ముట్టకు."

"మాది నెయ్యి దుకాణం సార్."

"అమ్ము. తినకు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నాకు దేవుడు దుకాణం నిండా నెయ్యి ఇచ్చాడు, డాక్టరు చుక్క ఇవ్వనన్నాడు. ఈ సంగతి బజార్లో దాచాను. నెయ్యి సేటుకే నెయ్యి పడదంటే కొనేదెవరు?

అంతలో నర్సంపేట నుంచి మల్లయ్య అనే రైతు, కొడుకు పెళ్లికి నాలుగు డబ్బాల నెయ్యి కొనడానికి వచ్చాడు. చుక్క నెయ్యి చేతి వెనక రుద్ది వాసన చూశాడు.

"మంచిగనే ఉన్నది. నువ్వు జర తిను సేటూ, చూస్త."

"ఇయ్యాల ఒక్కపొద్దు మల్లన్నా."

"నువ్వే తినకపోతే నా సుట్టాలకెట్ల పెడుత?"

దుకాణంలో ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు. పౌరుషం వచ్చి గరిటెడు తాగాను. ఎవరూ అడగకుండానే ఇంకో గరిటెడు కూడా తాగాను, అన్నాళ్ల కరువు మరి. డబ్బాలు బండి ఎక్కుతుండగా నేను బస్తాల మీద పడి పొర్లుతున్నాను.

"డబ్బాలు దించుండ్రి," అన్నాడు మల్లయ్య. "సేటే పడిపోయిండు."

"నెయ్యి కాదు మల్లన్నా, నా పిత్తాశయం..."

"ఏదైతేంది, నెయ్యి తిన్నంకనే గద."

సాయంత్రానికి కబురు అవతలి పేట కొత్తవాడ కూడా దాటింది. నన్ను మాత్రం ఆపరేషన్ బల్ల ఎక్కించారు.

తీసిన రాళ్లను డాక్టరు సీసాలో వేసి ఇచ్చాడు. నెయ్యి నిర్దోషి అని నిరూపించాలి కదా, ఆ సీసాను తీసుకెళ్లి గల్లా మీద, నెయ్యి డబ్బా పక్కనే పెట్టాను. ఇంతకంటే తెలివైన పని నా జన్మలో చేయలేదనుకున్నాను. పాపం, నన్ను చూసిపోదామని మల్లయ్యే ముందుగా వచ్చాడు.

"ఇవేంది సేటూ?"

"నన్ను పడగొట్టినవి ఇవే మల్లన్నా. నెయ్యిది తప్పు లేదు."

మల్లయ్య సీసా ఊపి చూశాడు. పక్కనున్న డబ్బాలోకి వంగి చూశాడు. నా భుజం మీద ప్రేమగా చెయ్యి వేశాడు.

"గిన్ని రాళ్లా? జర వడగట్టి అమ్మరాదు సేటూ."

ఆ క్షణమే తక్కెడ ముట్టుకుని ఒట్టేశాను. ఒంట్లోంచి తీసిన ఏ వస్తువునూ ఈ జన్మలో మళ్లీ గల్లా మీద పెట్టను.