ఎవరికి వస్తావో, ఎవరికి రావో

మా ఆడపడుచు పోయింది. ఈ ఒక్క వాక్యం రాసి కలం పక్కన పెట్టి, మళ్ళీ తీసుకున్నాను.

పోయిన మంగళవారం పొద్దున ఆమె నన్ను తాళం కోసం ట్రంకు రోడ్డుకి పంపింది. రెండు తాళంచెవులున్నది చూసుకోమని, కొట్లోనే రెండింటితోనూ తీసి చూడమని చెప్పింది. నేను అలాగే తీసి చూసి, చిల్లర సరిచూసుకుని మెట్లు దిగుతుంటే మా వీధి చివరి సైకిలు షాపతను ఎదురొచ్చాడు. "టీచరమ్మగారూ, మీ ఆడపడుచు గారు పోయారండీ" అన్నాడు. నేను అతన్ని కోప్పడ్డాను. ఎవరి సంగతో విని వచ్చి నాకు చెబుతున్నావు, మా ఆడపడుచు వసారాలో కూర్చుని కుట్టుకుంటోంది, ఈ తాళం కోసం చూస్తోంది అన్నాను. అతను తల వంచుకుని, సైకిలు వెనక కూర్చోమన్నాడు. ఇన్నేళ్ళ వయసులో నేను ఎవరి సైకిలు వెనకా ఎక్కి ఎరగను. ఎక్కాను.

ఆమె కుర్చీలోనే ఉంది. ఒళ్ళో మా మనవరాలి తెల్ల లంగా ఉంది. రెండో తాళంచెవి దాచుకోవడానికి లంగా అంచులో చిన్న అర కుడుతోంది. సూది బట్టలోనే ఉంది, దారం తెగలేదు. మనవరాలు నేల మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. అది చదివింది నర్సింగు. నాడి చూడడానికి పట్టుకున్న చెయ్యి కాదని చూడగానే నాకు తెలిసింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల మద్రాసు బండి ఎక్కాలి. అక్కడి నుంచి బొంబాయి, అక్కడి నుంచి మస్కటు. ఒక ఆసుపత్రి వాళ్ళు తీసుకున్న నర్సులంతా ఒకే విమానంలో వెళ్తారు. అది తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆ ప్రయాణానికి పెట్టె సర్దించింది, తాళానికి నన్ను పంపింది ఈమే.

ఈమె మా వారి చెల్లెలు. చిన్నప్పుడే భర్త పోయాడు, పిల్లల్లేరు. నర్సుగా చాలా ఏళ్ళు కువైటులో పనిచేసి, తిరిగి వచ్చి ఒంగోలులో మా ఇంటి ముందు వాటాలో ఉంది. మా ఇంటి పిల్లలు నర్సు మామ్మ అనేవారు. తర్వాత వీధంతా అదే పేరు పెట్టి పిలిచింది.

మన చర్చి సంఘ పత్రిక చదివేవారిలో కొందరు ఆ వసారా బల్ల మీద కూర్చున్నవారే ఉంటారు. కువైటు గానీ, దుబాయి గానీ, మస్కటు గానీ, ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు ఆమె దగ్గరికి వచ్చేవారు. ఆశీర్వాదం కోసం వచ్చి చీవాట్లు తిని వెళ్ళేవారు. తెల్లదోమకి పత్తి పోయిన ఏడు పర్చూరు వైపు నుంచి ఒకతను మామగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఏ పనైనా చేస్తానండీ అన్నాడు.

"ఏ పనైనా చేస్తానన్నవాడి చేత ఏదైనా చేయిస్తారయ్యా. నీకేం వచ్చో అది చెప్పు."

"ట్రాక్టరు తోల్తానండీ."

"దారిలో ఆగిపోతే?"

మామగారు అందుకుని, "దిగి బీడీ కాలుస్తాడండీ" అన్నాడు.

ఆమె నవ్వలేదు. ఏదైనా షెడ్డులో చేరి ఇంజను విప్పి బిగించడం నేర్చుకుని రమ్మని పంపేసింది. ఆరు నెలల తర్వాత వచ్చాడు. ఆమె అతని మాట వినకముందే గోళ్ళ సందుల్లో నలుపు చూసి, ఇక బయల్దేరవచ్చు అంది.

ఆమె చెప్పేవన్నీ ఇలాంటి నేల మీది మాటలే. వెళ్ళేముందు పళ్ళు చూపించుకోమనేది. పుచ్చిన పన్నుతో విమానం ఎక్కితే పరాయి దేశంలో మొదటి నెల ఆ పన్నుతోనే కాపురం అనేది. కొత్త బూట్లు ఇక్కడే తొడిగి అరగదీసుకోమనేది. సర్దిన పెట్టెను మా ఇంటి నుంచి బస్టాండు దాకా మోసుకెళ్ళి మళ్ళీ తెమ్మనేది. చేతులు మార్చుకుంటూ రొప్పుతూ వచ్చినవాళ్ళ చేత ఆ వసారాలోనే సగం సామాను తీయించేది. తీసినవాటిలో ఎప్పుడూ పచ్చడి జాడీ ఉండేది. మనవైపు వాళ్ళకి అది తీయడమంటే చెయ్యి తీసినట్టే. అందుకని నెలరోజులు ముందు నుంచే కారం తగ్గించుకోమనేది. "కారం మానలేనివాడు ఊరు మానలేడు" అని ఆమె మాట. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే ఒకాయన దానికి నొచ్చుకుని, కారం లేని దేశానికి వెళ్ళడమెందుకండీ అని లేచి వెళ్ళిపోయాడు. మంచిది, ఆయనకి ప్రయాణపు ఖర్చు మిగిలింది అంది.

చదవలేని కాగితం మీద సంతకం పెట్టవద్దనేది. చదివి చెప్పేవాడు మనవాడై ఉండాలి గానీ వాళ్ళవాడు కాకూడదనేది. పాస్‌పోర్టు అక్కడ యజమానులు తీసి దగ్గర పెట్టుకుంటారు, కాబట్టి నెంబరు ఇంట్లో గోడ మీద రాసి వెళ్ళండి, కాలెండరు మీద రాస్తే ఏడు తిరిగేసరికి చింపేస్తారు అనేది. మొదటి నెల చేతికొచ్చిందంతా ఇంటికి పంపవద్దనేది. మొదట పంపిందే ఇంట్లోవాళ్ళకి కొలత అవుతుందని. లెక్క విషయంలో నేను ఎవరి మాటా తేలిగ్గా ఒప్పుకోను గానీ ఈ మాట ఒప్పుకున్నాను.

అందర్నీ పంపేది కాదు. మిరప కోతలకి వెళ్ళే ఒకామె పాలు తాగే బిడ్డని చంకన వేసుకుని, ఇంటి పనికి కువైటు వెళ్తానని వచ్చింది. "ఈ బిడ్డని ఎవరికిచ్చి వెళ్తావు? ఒక పేరు చెప్పు" అంది మా ఆడపడుచు. ఆ తల్లి మా అమ్మకి అని, కాదు మా అక్కకి అని, చివరికి బిడ్డని రెండో చంకకి మార్చుకుంది. పేరు దొరికాక రమ్మని, అన్నం పెట్టి పంపింది.

ఇవన్నీ అయ్యాక ఆఖరున ఒక మాట అడిగేది. ఆ మాటకి సగం మంది ముఖం మాడ్చుకునేవారు. "మీ ఇంట్లో ఎవరు పోతే వస్తావు? ఎవరు పోతే రావు?" వెళ్ళేవాళ్ళు ఇంటివాళ్ళందర్నీ కూర్చోబెట్టి, ఎవరి పేరుకి ఆ జవాబు వాళ్ళ ముఖం మీదే చెప్పాలి. మేం శకునాలు చూసేవాళ్ళం కాదు. అయినా ప్రయాణానికి ముందు చావు మాట ఎత్తితే మా ఇళ్ళలోనూ ప్రార్థన మధ్యలో ఆగిపోతుంది. నాకూ మొదట ఒళ్ళు మండింది. కానీ ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మా వాకిట్లోనే పుట్టింది.

మా వారు ఎండాకాలంలో పోయారు. అప్పుడు ఆమె కువైటులో ఉంది. టెలిగ్రాం ఇచ్చాం. జవాబు రాలేదు. రాలేదంటే బయల్దేరిందనే అనుకున్నాం. ఒక్కతే చెల్లెలు, అన్న ముఖం చూడకుండా మట్టికిస్తామా అని పెద్దలన్నారు, నేనూ అన్నాను. కొత్తపట్నం నుంచి చేపలకి వాడే ఐసు దిమ్మలు ఊకలో చుట్టి తెప్పించాం. అవి కరిగిపోతే మళ్ళీ తెప్పించాం. వాకిట్లో షామియానా కింద ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, ప్రతి బస్సు చప్పుడికీ తల ఎత్తి చూశాను. మూడో రోజు సాయంత్రం పాస్టరుగారు ఇక ఉంచడం మర్యాద కాదన్నారు. రాలేనని టెలిగ్రాం ఆ తర్వాత రోజు వచ్చింది.

నాకు కోపం వచ్చింది. ఆ కోపం తప్పని ఇప్పటికీ అనుకోను. తర్వాత సెలవు దొరికి ఆమె వచ్చినప్పుడు గేటు దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా అడిగింది.

"ఐసు ఎన్నిసార్లు తెప్పించారు వదినా?"

"రెండుసార్లు" అన్నాను.

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుంది. పాస్‌పోర్టు ఆసుపత్రి ఆఫీసులో ఉందని, సెలవిచ్చే అధికారి ఊళ్ళో లేడని, అడగడానికే రెండు రోజులు పట్టిందని చెప్పింది. అవన్నీ నేను ఊహించినవే. ఆ తర్వాత అన్న మాట మాత్రం ఊహించనిది. "రాలేకపోవడం నా చేతిలో లేదు వదినా. రాలేనని వెళ్ళేటప్పుడే చెప్పి ఉండాల్సింది. అది నా చేతిలో ఉంది. చెప్పి ఉంటే అన్నయ్యని ఆ ఎండలో అలా పెట్టేవాళ్ళు కాదు."

నేను గేటు తీశాను. కోపం ఎప్పుడు పోయిందో లెక్క చెప్పలేను.

అందుకని మనవరాలి ప్రయాణం కుదిరాక, పోయిన నెలలో ఒక ఆదివారం మమ్మల్నందర్నీ ఆ వసారాలో కూర్చోబెట్టింది. అమ్మానాన్నలకి వస్తానని పిల్ల వెంటనే చెప్పింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"చెప్పవే. టీచరే గానీ ఇప్పుడు బెత్తం లేదు" అంది మా ఆడపడుచు.

"నాయనమ్మకి రాలేను. ఒప్పందం మధ్యలో సెలవు ఒక్కసారి కంటే ఇవ్వరు" అంది పిల్ల, నేల చూస్తూ.

సరైన జవాబు అన్నాను. అని లోపలికి వెళ్ళి చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరాను. లేని రాళ్ళు కూడా ఏరాను. వసారాలోంచి పిల్ల గొంతు వినిపించింది. "మరి నీకు, మామ్మా?"

"నన్ను కలపకు. నిన్ను బండెక్కించి వచ్చి నా పని నేను చూసుకుంటాను" అందామె, నవ్వుతూ.

ఆమె పేరుకి జవాబు చెప్పి తీరాలని ఎవరూ పట్టుబట్టలేదు. అందర్నీ అడిగే మనిషిని నిలదీయాలని ఎవరికి తోస్తుంది?

మంగళవారం మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. సత్తెనపల్లిలో ఉన్న ఆమె మరిది నుంచి, పక్కింటి ఫోనుకి కబురొచ్చింది. అందరూ బయల్దేరి వస్తున్నారు, బుధవారం సాయంత్రం దాకా ఉంచమని. పిల్ల పెట్టె మీద తల పెట్టుకుని, మామ్మని మట్టికివ్వకుండా నేను కదలను అంది. మా అబ్బాయి, ఉద్యోగం పోతే పోనీలే అన్నాడు. పాస్టరుగారు నా వైపు చూశారు. మిగతావాళ్ళూ చూశారు. నా చేతిలో ఇంకా తాళం కాగితప్పొట్లం అలాగే ఉంది. చివరికి నోటికి వచ్చింది ఒకటే.

"ఐసు తెప్పించవద్దు."

బుధవారం పొద్దున తొమ్మిదికి భూస్థాపన అన్నాను. బంధువులు నొచ్చుకుంటారేమోనండీ అన్నారు పాస్టరుగారు. నొచ్చుకోనివ్వండి, రాగలిగినవాళ్ళు వస్తారు, ఎవరి కోసమూ ఆగవద్దని ఈమె ఊరందరికీ చెప్పింది, ఈమె విషయంలోనే ఆగుతామా అన్నాను. ఆ సాయంత్రం, ఆమె ఆపిన చోట నుంచి లంగా అంచు నేను కుట్టాను. ఆమె కుట్టు సన్నం. నాది వంకర. ఎక్కడ మారిందో ఎవరికైనా కనిపిస్తుంది.

తొమ్మిదికి సమాధుల దొడ్డిలో ఉన్నాం. పిల్ల అందరికంటే ముందు మట్టి వేసింది. అక్కడి నుంచి ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని పెట్టె పట్టుకుంది. ముగ్గురు నలుగురు అందుకోబోయారు. ఎవరికీ ఇవ్వలేదు. స్టేషను దాకా తనే మోసింది, ఒక్కసారే చెయ్యి మార్చుకుంది.

బండి కూత వేశాక కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళలో ఇంకా మట్టి ఉంది. "నాయనమ్మా, ఆ మాట మార్చుకుంటాను. నీకు కూడా వస్తాను" అంది.

"మార్చకు" అన్నాను. "చెప్పావు కాబట్టే మేం వాకిట్లో కూర్చోం. నువ్వు డ్యూటీ చూసుకో."

ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గర కొత్తపట్నం వాళ్ళిద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకతని చెల్లెల్ని మా ఆడపడుచే చెప్పి చెప్పి మస్కటు పంపింది. కబురు తెలిసి, ఎవరూ అడక్కుండానే, చేపల లారీలో రెండు ఐసు దిమ్మలు తెచ్చారు. లారీ దారిలో చెడిపోయి ఆలస్యమైందట. "ఈ ఇంటి అయ్యగారు పోయినప్పుడు మా నాన్నే తెచ్చాడండీ" అన్నాడతను. మట్టి చేసేశాం నాయనా అని చెప్పాను. అతను దిమ్మల వైపు చూసి, వీటిని ఏం చేయమంటారండీ అని అడిగాడు. ఉండనివ్వమన్నాను. ఇద్దరికీ అన్నం పెట్టించాను.

గోనెసంచుల కింద నుంచి నీళ్ళు ఊకని మోసుకుంటూ వాకిలంతా పారాయి. నాలుగు గంటల బస్సుకి సత్తెనపల్లి వాళ్ళు వచ్చారు. మట్టి చేసేసిన కబురు బస్టాండులోనే తెలిసినట్టుంది. గేటు దగ్గర చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఒకరి వెనక ఒకరు ఆ చల్లటి నీళ్ళలోంచి నడిచి లోపలికి వచ్చారు.