ఆది తప్పిన ఆరు రవికెలు

ఆండాళు ఆది రవికెను తిరగేసి, చంకల దగ్గరి కుట్టును బొటనవేలితో నొక్కి చూసింది. కొత్త రవికెకు కొలతగా పంపే పాత రవికె అది. రోజూ తొడిగే బట్టయితే చంకల్లో చెమట చార ఉండాలి, మోచేతి దగ్గర రంగు వెలిసి ఉండాలి. దీనికి మడతల మీద తప్ప ఎక్కడా రంగు పోలేదు. పైగా కర్పూరం వాసన. ఏండ్ల తరబడి పెట్టె అడుగున పడి ఉన్న బట్ట.

"అన్నా, ఇది ఆ పిల్ల ఇప్పుడు తొడిగేది కాదే. మూడేండ్ల కిందిది. పెండ్లీడు పిల్ల భుజం గింతే ఉంటదా?"

సూర్యాపేట దర్జీ రాజమౌళి చెవి మీద సుద్దముక్క పెట్టుకుని పట్టు పరుస్తున్నాడు. మిర్యాలగూడ బియ్యం మిల్లు సేటు లక్ష్మీనర్సయ్య కొడుక్కి కోదాడ పిల్లను ఖాయం చేసుకున్నారు. పెండ్లికూతురి రవికెలు మగపెండ్లివాళ్లే కుట్టించి పెట్టడం వాళ్ల ఇంటి ఆచారం. ఆరు రవికెల పట్టు సేటు పంపాడు, ఆది రవికె పిల్ల తల్లి పంపింది.

"వాళ్లు ఆది పంపిన్రు. ఆది లెక్క కోసుడే మేరోని పని. నీకెందుకే పంచాయితి? కాజాలు కుట్టుకో."

"ఒక్కపూట కోదాడ పోయి పిల్లను సూసొస్త. నువ్వు మొగోనివి, కొలవలేవు. నన్నయిన పోనియ్యి."

"పోయి ఏమంటవ్? మీరు పంపింది అబద్ధమంటవా? సేటు కాడ నా ఇజ్జత్ ఉంచవా?"

దుకాణం అరుగు మీద పొద్దంతా బీడీలు కాల్చే మట్టయ్య పకపకా నవ్వాడు. "మౌళీ, చెల్లె కత్తెర పట్టుకుంటే నువ్వు గుండీలు కుట్టుకోవాలె బిడ్డా!"

ఆ మాటతో రాజమౌళికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆరు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పరిచి, ఆది రవికె పైన పెట్టి గీత గీసి, ఆరు పొరలూ ఒకేసారి కోసిపారేశాడు. ఒకటి కోసి కుట్టి చూసి మిగతావి కోయాలన్నది పని తెలిసినవాళ్ల పద్ధతి. కానీ అరుగు మీద చూసేవాళ్లున్నారు. చూసేవాళ్లుంటే రాజమౌళి కత్తెర మెదడు కంటే ముందు నడుస్తుంది.

ఆండాళు కాజాల దగ్గర కూర్చుంది. నోటి నిండా చేదు.

ఆమెది సూర్యాపేటే. పదకొండో ఏట వాడపల్లిలో ఇచ్చారు, పదిహేడో ఏట మొగుడు కలరాతో పోయాడు. అన్న దగ్గరికి తిరిగొచ్చి పన్నెండేండ్లుగా చేతికుట్టు, కాజాలు, గుండీలు. మిషను తొక్కనిస్తాడు గానీ కత్తెర మాత్రం మగవాడిది. కోత ఆమె తనకు తానే నేర్చుకుంది. తినేసిన మోదుగాకు విస్తళ్లను కడిగి, వాటి మీద భుజం, మెడ, చంక గీసి కోసేది. పుల్లలతో కలిపి చూసేది. కుదరకపోతే పొయ్యిలో వేసేది. నాట్లు వేసే ఆడవాళ్ల రవికెలు చేయి ఎత్తగానే చంకలో పిగులుతాయని చూసి, అక్కడ నాలుగు పలకల చతురం ముక్క ఒకటి అతికించడం ఆకుల మీదే పట్టుకుంది. కొత్త రకం రవికెలు తన చేత్తో కోయాలి, కోసింది ఫలానా ఆండాళు అని నలుగురూ అనాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

పోలీసు యాక్షన్ అయి ఏడాది దాటింది. నిరుడు నిజాం పక్షాన రూమీ టోపీలకు కుచ్చులు కుట్టించుకున్నవాళ్లే ఈయేడు కాంగ్రెసు తెల్ల టోపీలకు కొలతలిచ్చి, అదే అరుగు మీద కూర్చుని న్యాయం, ధర్మం మాట్లాడుతున్నారు. వాళ్ల మాటలు చెవిన పడుతుంటే ఆండాళుకు సూదిలో దారం కూడా ఎక్కేది కాదు. అంత రోత.

కుట్టిన మొదటి రవికె కోదాడ పోయి నాలుగో రోజున లక్ష్మీనర్సయ్య చేతిలో తిరిగొచ్చింది. ఆయన దాన్ని రాజమౌళి ముఖాన కొట్టాడు.

"మోచెయ్యి దాటుతలేదంట! పిల్ల తల్లి నలుగురి ముంగట నవ్వుతున్నది. ఆరూ గిట్లనే కోసినవా? పది రోజులల్ల పెండ్లి. ఈ పట్టు మళ్ల దొరకది. దీన్ని దారికి తేకుంటే సూర్యాపేటల నీకు గోనెసంచి కుట్టనిచ్చేటోడు కూడ ఉండడు."

రాజమౌళి ఒక్క క్షణం ఆలోచించాడు. అంతే. "నేను సక్కగనే కోసిన సేటూ. కుట్టింది మా చెల్లె. ఆడమనిషి, లెక్క తెల్వది."

ఆండాళు చేతిలో సూది ఆగింది. సేటు వెళ్లేదాకా ఆగి లేచింది.

"నేను దారికి తెస్త. కోసేది నేను, కుట్టేది నేను. ఇచ్చేనాడు సేటు ముంగట నీ నోటితోని చెప్పాలె, చెల్లె కోసిందని. ఒప్పుకుంటవా?"

రాజమౌళి తల ఊపాడు.

మరునాడు పొద్దున్నే బస్సులో కోదాడ పోయింది. పిల్ల తల్లి పద్మమ్మ మొదట బుకాయించింది. ఆండాళు ఆది రవికెను ఆమె ముందు పరిచి మడతలు చూపించేసరికి గొంతు తగ్గించింది.

"అది మా చంద్రకళ పెద్దమనిషి కాకముందుదేలే. ఈడొచ్చిన పిల్ల ఒంటి మీది బట్ట పెళ్లికాకుండా పరాయి గడప దాటిస్తామా? ఎవరేం మందు పెడతారో ఏంటో!"

"మందు పెట్టేటోళ్లని అనుమానముంటే, బట్టను దాచి పిల్లనెట్ల ఇస్తున్నవమ్మా ఆ ఇంటికి?"

తలుపు చాటున చంద్రకళ కిసుక్కున నవ్వింది. పద్మమ్మ ముఖం మాడింది. "కొంచెం పెంచి కోస్తాడులే అనుకున్నాను..."

"నువ్వు చెప్పకుండ ఆయనకెట్ల తెలుస్తది? ఎరుక చెప్పెటోడా? తప్పని తెలిసి, మళ్ల మేరోని పనిని చూసి నవ్వుతివి."

ఆండాళు చంద్రకళను నిలబెట్టి నూలుదారంతో కొలిచింది. భుజానికొక ముడి, ఛాతీకొక ముడి, చేతికొక ముడి.

"ఊపిరి పీల్చొచ్చా అక్కా?" అంది పిల్ల.

"బాగ పీల్చు. చేతులు పైకెత్తు. అత్తగారింట్ల ఉట్టి అందుకోవాలె గదా."

కొలతలయ్యాక పద్మమ్మ వైపు తిరిగింది. "బట్ట చాలది. నీ పెండ్లి పట్టుచీర కావాలె, జరీ అంచుతోని."

"నా పెళ్లి చీరా? కోస్తావా!"

"ఆరు రవికెలకు అతుకు పడాలె. సేటు కాడికి పోయి నీ ఆది సంగతి చెప్పుమంటే, అదీ చెప్త."

పద్మమ్మ ఏడుస్తూ పెట్టె తెరిచింది. ఆండాళుకు జాలి కలగలేదు. ముట్టుకుంటే తను మాసిపోతుందన్నట్టు ఆమె కన్నీళ్లకు ఎడంగా నిలబడి, చీర తీసుకుని వచ్చేసింది.

ఆరు రోజులు మిషను దగ్గర నుంచి లేవలేదు. కుట్టిన మొదటి రవికె కుట్లు విప్పింది. ఆరింటినీ మెడ నుంచి భుజం మీదుగా చేయి చివరిదాకా చీల్చి, ఆ సందులో పట్టుచీర ముక్కను కుచ్చెళ్లు పట్టి దించింది. చేయి బుట్టలా నిండుగా లేచింది. పక్కలకు సన్నని జరీ పట్టీ, చంకలో చతురం ముక్క, కింద పొట్టి పడినచోట అంచు. అతుకు ఎక్కడా అతుకులా కనబడకూడదు, అలా కావాలనే కుట్టినట్టుండాలి. కుదరని కుచ్చును మూడుసార్లయినా విప్పింది. అరుగు మీది మట్టయ్య తొంగిచూసి, "గిదేం రవికెనే, గుమ్మడికాయలు దాసినవా చేతులల్ల?" అన్నాడు. ఆమె ఇంకో కుచ్చు పట్టింది. జీవితంలో ఒక్క గుండీ కూడా కుట్టనివాడికి ఏం చెబుతాం?

రెండు రోజుల్లో పెండ్లనగా కోదాడలో చంద్రకళకు ఒకటి తొడిగి, చేతులు ఎత్తించి, వంచి చూసుకుంది. ఎక్కడా పట్టలేదు. అక్కడి నుంచి అన్నతో కలిసి మిర్యాలగూడ పోయింది.

మిల్లు ముందు వడ్ల బస్తాల మధ్య లక్ష్మీనర్సయ్య రవికె విప్పి వెలుతురుకు పెట్టి చూశాడు. చేతుల బుట్టను నొక్కాడు. అది మళ్లీ లేచి నిలబడింది.

"ఇదేం తీరు మౌళీ? మస్తుగున్నది."

రాజమౌళి మీసం సవరించాడు. "హైదరాబాదుల నడుస్తున్న కొత్త ఫ్యాషన్ సేటూ. పోయినేడు ఆబిడ్స్‌ల సూసొచ్చిన. మన చేతి కోత."

ఆండాళు అన్న ముఖం వంక చూసింది. ఆ నోరు, ఆ మీసం, ఆ పండ్లు, అన్నీ ఎంగిలాకు మీద ఈగలు ముసిరినట్టు కనబడ్డాయి. సేటు చేతిలోని రవికె తీసుకుని మడిచి, తక్కిన ఐదింటితో మూటలో పెట్టి ఒడిలోకి లాక్కుంది.

"అట్లయితే ఆబిడ్స్‌ నుంచే తెప్పించుకో సేటూ."

"ఏందమ్మా ఇది? ఎల్లుండి ముహూర్తం!"

"చంకల చతురం ముక్క ఎందుకేసిండో అన్నను అడుగు. నిలువు పోగా అడ్డ పోగా, ఎటు పోగు మీద కోసిండో అడుగు. చెప్తే ఇప్పుడే ఇస్త."

సేటు రాజమౌళి వైపు చూశాడు. రాజమౌళి బస్తాల కేసి చూస్తూ గొణిగాడు.

"వినబడలే అన్నా. మిల్లు నడుస్తున్నది."

"చెల్లె కోసింది!" అని అరిచాడు రాజమౌళి. హమాలీలు ఇద్దరు తిరిగి చూశారు. "ఆండాళు కోసింది. అంత ఆమె పనే."

సేటు విసుగ్గా చేయి చాపాడు. "ఎవరు కోస్తే ఏంది? నా పట్టు నాకు దక్కింది. ఆడది కోసిందని మాత్రం బయట అనకుండ్రి, పెండ్లింట్ల నలుగురు నవ్వుతరు."

పన్నెండేండ్లు ఆగిన మాట. విన్నవాళ్లలో ఇద్దరు హమాలీలు, మూడోవాడైన సేటుకు అది పట్టనే లేదు. ఆండాళుకు ఉమ్మేయాలనిపించింది. అయినా మూట విప్పి ఒక్కొక్క రవికె తీసి, చేతుల బుట్టలు నలగకుండా పైకి సర్ది, ఆరూ సేటు చేతుల్లో పెట్టింది.